పాత బాకీ – క్రొత్త తాఖీదు

నిరుడు మా వీధిలో నొక పెద్దమ్మగారి గుమ్మమునకు వసూలుదారు ఒకడు వచ్చెను. "ఇది 7 ఏండ్ల నాటి కరెంటు బాకీ. సాయంత్రములోగా చెల్లింపకున్నచో సరఫరా నిలిపివేయుదుము" అనెను. ఆమె చేయి మనుమని ఫీజుకై దాచిన సొమ్ముపైకి పోయెను. అట్టి చేతిని ఒక్క క్షణము ఆపవలెనని నా మనవి.

ముందుగా వ్రాతమూలకమైన కాగితము నడుగుడు. సర్వీసు నంబరు మనదేనా? ఏ నెలల బాకీ? రసీదు లేనిదే రొక్కము చేతికీయకుడు.

2003 నాటి విద్యుత్ చట్టము 56వ సెక్షను ప్రకారము, సరఫరా నిలుపుటకు ముందు పూర్తిగా 15 దినముల వ్యవధితో వ్రాతపూర్వకమైన నోటీసు ఇయ్యవలెను. చెల్లింపవలసిన నాటినుండి 2 సంవత్సరములు గడచిన బాకీని, బిల్లులలో ఎడతెగక బకాయిగా చూపుచు వచ్చిననే తప్ప, ఆ సెక్షను క్రింద రాబట్టరాదు. దానికై సరఫరాయు నిలుపరాదు. లెక్కలోని పొరబాటు ఆలస్యముగా బయటపడినచో అదనపు బిల్లు పంపవచ్చును గాని, గడువు దాటిన పిదప సరఫరా నిలుపరాదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తగవు తేలనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకును, పిమ్మట విద్యుత్ అంబుడ్స్‌మన్‌కును వ్రాసికొనవచ్చును.

పెద్దమ్మగారు ట్రంకుపెట్టెలోని పాత బిల్లులు తీసి పరచిరి. ఒక్కదానిలోనైనను బకాయి గడిలో అంకె లేదు. వచ్చినవాడు మారుమాటాడక మరలిపోయెను.

వాడుకొన్న వెలుగునకు వెల యిచ్చుట మన ధర్మము. ఋజువు లేని బాకీని భయముచే చెల్లించుట ధర్మము కాదు. కనుక శ్రోతలారా, చెల్లించిన బిల్లులను చించివేయక భద్రపరచుడు.