శీల అరిగితే కమ్మను పారేస్తామా?



చెవికమ్మ శీల అరిగి వదులైందనుకోండి. కమ్మను పారేస్తామా? కంసాలి దగ్గరికి వెళ్లి శీల మార్పించుకుంటాం. మరి పిల్లల గిటారు ఆంప్లిఫయరు గరగరమనగానే "ఇది పోయింది, కొత్తది కొనండి" అంటే ఎందుకు తల ఊపుతాం?

మా ఇంట్లో జరిగిందే చెబుతాను. మా అమ్మాయి గిటారు వాయిస్తుంది. ఒకనాడు వైరు కదిలితే చాలు, చిటపటమని చప్పుడు. కాసేపటికి పాటే ఆగిపోయేది. బాగుచేసే ఆయన ఒకరు మూత కూడా విప్పకుండా "లోపల బోర్డు పోయిందమ్మా" అన్నాడు. ఇంకొకాయన బుయ్యిమనే శబ్దం పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులోంచి ఎర్తు తీసేశాడు. శబ్దం పోలేదు సరిగదా, మర్నాడు గిటారు తీగలు ముట్టుకున్న పిల్ల చెయ్యి జిల్లుమంది. నా గుండె ఆగినంత పనైంది! గిటారు తీగలకీ, ఆంప్లిఫయరు ఇనుప పెట్టెకీ సంబంధం ఉంటుంది. పెట్టెలోకి కరెంటు దిగితే దాన్ని భూమిలోకి పంపేది ఎర్తే. ఎవరు చెప్పినా సరే, దాన్ని మాత్రం తీయనివ్వకండి.

చివరికి తేలిందేమిటంటే, తప్పంతా ప్లగ్గు దూర్చే చిన్న సాకెట్టుది. దీన్నే జాక్ అంటారు. పావు అంగుళం లావుండే ఈ ప్లగ్గు నిన్నమొన్నటిది కాదు. 19వ శతాబ్దంలో టెలిఫోను ఎక్స్ఛేంజీలలో ఒక లైనును ఇంకొక లైనుతో కలపడానికి పుట్టింది. మన పాలకొల్లు బిడ్డ, మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌తో కచేరీలు చేశాక, కర్ణాటక సంగీతానికీ వైరు, ఆంప్లిఫయరు కొత్త కాకుండా పోయాయి.

సాకెట్టు లోపల ఒక స్ప్రింగు రేకు ప్లగ్గు మొనను నొక్కి పట్టుకుంటుంది. వేలసార్లు పెట్టి తీస్తే ఆ రేకు పట్టు సడలుతుంది. వైరు పట్టుకుని లాగినా, కాలికి తగిలి పక్కకి ఒరిగినా, లోపలి టంకం పగులుతుంది. ఇక మన అనంతపురం సంగతి తెలిసిందే గదా! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆషాఢం గాలికి పొద్దున తుడిచిన గూట్లో సాయంత్రానికి దుమ్ము. రామగిరి కొండలమీద గాలిమరలు నిలిపింది ఈ గాలిని చూసే. ఆ దుమ్ము సాకెట్టులోకీ చేరుతుంది.

పరీక్ష తేలిక. ముందు వైరు మార్చి చూడండి. చాలాసార్లు దోషం వైరుదే. కొత్త వైరుతోనూ గరగరమంటే, ప్లగ్గును మెల్లగా పక్కకి నొక్కండి. నొక్కినప్పుడు పాట వచ్చి, వదిలితే పోతే సాకెట్టును అనుమానించండి. బయటి నట్టు వదులైందేమో చూడండి. దుమ్ముకు కాంటాక్టు క్లీనరు వాడండి. కొబ్బరినూనె వద్దు, ఇంకా దుమ్ము పట్టుకుంటుంది.

గిటారుకున్న సాకెట్టయితే, వైరు తీసేశాక ఓపికున్నవాళ్లు ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఏ తీగ ఎక్కడుందో ముందు సెల్‌ఫోనులో ఫొటో తీసుకోండి. పాత సాకెట్టు దుకాణానికి పట్టుకెళ్లి అలాంటిదే అడగండి. కాళ్ల లెక్క తేడా వస్తే పని చేయదు. నట్టు బిగించేటప్పుడు లోపలి సాకెట్టు తిరక్కుండా పట్టుకోండి, లేకపోతే తీగలు మెలిపడి తెగుతాయి. టంకంలో సీసం ఉంటుంది కనుక వంటగట్టు మీద ఈ పని పెట్టుకోకండి. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆంప్లిఫయరు లోపలి సాకెట్టు మాత్రం మెకానిక్కుకే వదలండి. ప్లగ్గు పీకేసినా కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. వాల్వు సెట్లలో అది వందల వోల్టులు. మీరు చేయవలసింది ఒకటే: "సాకెట్టు చూడండి, ఎర్తు ఉందో లేదో చూడండి" అని గట్టిగా చెప్పడం. మా ఇంట్లో ఆ ఒక్క మాటతో పని తీరింది. ఎర్తు పిన్ను తిరిగొచ్చింది, సాకెట్టు మారింది. కొత్త ఆంప్లిఫయరు ఖర్చు తప్పింది, నా భయమూ పోయింది.

ఇకమీదట వైరు ఊడదీసేటప్పుడు ప్లగ్గునే పట్టుకుని తీయమని పిల్లలకు చెప్పండి. వైరును ఆంప్లిఫయరు పిడిలోంచి ఒక చుట్టు తిప్పితే కాలికి తగిలినా సాకెట్టు మీద బరువు పడదు.

జబ్బు తెలియకుండా మందు కొనం కదమ్మా. యంత్రానికీ అంతే.