లారీ బందులో డ్రైవరెక్కడ?

టి. అంజయ్య స్మృతిలో మాట్లాడమని అడిగితే ఈ వక్త వెంటనే ఒప్పుకున్నాడు. ఏ విషయమైనా పర్వాలేదన్నారు గనక. ఆల్విన్ కార్ఖానాలో ఆరణాల కూలీగా మొదలై, కార్మిక నాయకుడై, 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి గురించి అమీర్‌పేటలో కూర్చున్నవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? ఆ కార్ఖానా ఉండిన సనత్‌నగర్ ఇక్కడికి కూతవేటు దూరం. వక్తకు అంజయ్యతో పరిచయం లేదు, ఆల్విన్ ఫ్రిజ్జుతో ఉంది. చల్లబరచడం మానేశాక కూడా అది వాళ్లింట్లో చాలాకాలం పచ్చళ్ల బీరువాగా పనిచేసింది. నివాళి ఇంతే. ఆ కార్ఖానా బస్సు బాడీలు కూడా కట్టేది కాబట్టి అక్కడినుంచి నేరుగా రవాణాలోకి వెళ్లిపోవచ్చు.

డ్రైవర్ల నిద్రలేమి, దారిపొడుగునా మామూళ్లు, నెలల తరబడి ఇంటిముఖం చూడకపోవడం సభకు తెలిసినవే. చట్టాలూ తెలుసు. 1948 కనీస వేతనాల చట్టం షెడ్యూల్లోనే పబ్లిక్ మోటారు ట్రాన్స్‌పోర్టు ఉండేది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అంది. అయితే ఐదుగురు కార్మికులున్న సంస్థకే అంది. మన లారీల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు బళ్లున్న ఓనర్లవి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ ఐదు కాస్తా పది అయింది.

ఇక అసలు తగాదా. కార్మిక సమస్యల మీద రాసేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే: లారీ డ్రైవరు ఒంటరివాడు, ఒకడు నాగపూర్‌లో ఉంటే ఇంకొకడు విజయవాడ ఆటోనగర్‌లో ఉంటాడు, గేటు మీటింగు పెట్టడానికి గేటే లేదు, అందుకే సంఘం లేదు, సంఘం లేదు గనక జీతం లేదు. ఈ వక్త ఏళ్లుగా దీంతో పోట్లాడుతున్నాడు. రోడ్డు మీద బతికేవాడు కూడగట్టుకోలేడంటే ఆర్టీసీ డ్రైవరు సంగతేమిటి? తెలంగాణలో 2019 అక్టోబరు 5 నుంచి నవంబరు 25 దాకా దాదాపు 48 వేల మంది సమ్మె చేశారు. ఓడారు, నిజమే. ఆ తర్వాత యూనియన్లను పక్కనపెట్టి డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టారు, అదీ నిజమే. కానీ అసలు కూడగట్టుకోలేకపోయారని ఎవరూ అనలేరు. వాళ్లకు డిపో ఉంది, ఒకే యజమాని ఉన్నాడు కదా అంటారు. వక్త చెప్పేదీ అదే. తేడా రోడ్డులో లేదు, యాజమాన్యంలో ఉంది. కొత్త సంఘం రిజిస్టరు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఒక్క లారీ ఓనరు దగ్గర నూటికి నూరు శాతం సభ్యత్వం సాధించినా తేలేది ఒక్క డ్రైవరే.

పైగా రవాణాలో సంఘాలు లేవని ఎవరన్నారు? బోలెడున్నాయి. అవి ఓనర్లవి. 2018 జులైలో అఖిల భారత మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెస్ పిలుపుతో దేశమంతా లారీలు వారం పైగా ఆగాయి. డిమాండ్లేమిటి? డీజిల్ ధర, టోలు, థర్డ్ పార్టీ బీమా ప్రీమియం, టీడీఎస్. స్టీరింగు పట్టేవాడి జీతం అందులో లేదు. పత్రికలు మాత్రం దాన్ని ‘లారీల సమ్మె’ అన్నాయి, లారీలే సమ్మె చేసినట్టు.

దీనికి ఎదురుగా 2024 జనవరిని చూపిస్తారు. ప్రమాదంలో ప్రాణం పోయి, డ్రైవరు పోలీసులకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలని భారతీయ న్యాయ సంహిత 106(2) అంది. పాత శిక్షాస్మృతి 304ఎ కింద నిర్లక్ష్యంతో జరిగిన మరణానికి గరిష్ఠం రెండేళ్లే. జనవరి 1 నుంచి డ్రైవర్లు బళ్లు వదిలేశారు. ట్యాంకర్లు ఆగితే హైదరాబాద్ బంకుల ముందు బారులు తీరాయి. చంచల్‌గూడలో ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి తిండి పొట్లం చేరవేశాడు. 2వ తేదీ రాత్రికల్లా కేంద్రం దిగొచ్చింది. ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా 106(2)ను మాత్రం పక్కన ఉంచారు. చూశారా, సంఘం లేకుండానే గెలిచారంటారు!

గెలిచారు. కానీ ఆ రాత్రి కేంద్ర హోంశాఖ కార్యదర్శి ఎదుట కూర్చున్నది ఎవరు? మళ్లీ ఆ మోటారు ట్రాన్స్‌పోర్టు కాంగ్రెస్సే. జైలు భయం ఓనరుకూ నష్టమే, డ్రైవరు దొరకడు. అక్కడిదాకా ఇద్దరి ప్రయోజనం ఒకటే. జీతం అలా కాదు. దాని గురించి డ్రైవరు అడగాల్సింది బల్లకు అవతల ఉన్నవాళ్లను కాదు, తన తరఫున కూర్చున్నవాళ్లనే. దేశాన్ని కదలకుండా చేసిన రెండు రోజుల్లో బత్తా ఒక్క రూపాయి పెరగకపోవడానికి కారణం అదేనని వక్త వాదం. డ్రైవర్ల కొరత ఉందని అదే ఓనర్లు ఏళ్లుగా గోల పెడుతున్నారు. కొరత ఉన్నచోట కూలి పెరగాలన్న అర్థశాస్త్రం లారీ క్యాబిన్‌లోకి ఎందుకు ఎక్కదో ఎవరైనా చెప్పాలి. (2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే. అది మంత్రిత్వశాఖ ఇచ్చింది, ఏ సంఘమూ బేరమాడి తెచ్చింది కాదు.)

ఇదంతా లారీల సంగతి. పగలు పంజాగుట్ట చౌరస్తాలో పెద్ద లారీలు కనపడవు, రాత్రే దిగుతాయి. పగలు కనిపించేవి యాప్ పిలిస్తే కదిలే ట్రాలీలు, క్యాబ్‌లు. వాటిని నడిపేవాళ్లకు తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ఉంది, అందులో ఓనర్ల పెత్తనం లేదు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ముసాయిదా బిల్లు వీళ్లకు సంక్షేమ బోర్డు, కంపెనీల నుంచి రుసుము అంది. ఎన్ని కిలోమీటర్లకు చేతికెంత రావాలన్నది మాత్రం కంపెనీకే వదిలింది. అయినా యాప్‌లో ప్రతి ట్రిప్పుకూ లెక్క మిగులుతుంది. లారీలో అదీ మిగలదు. దారి ఖర్చులకని ఓనరు ఒక మొత్తం చేతికిస్తాడు. డీజిలు, టోలు, మామూళ్లు పోగా మిగిలిందే సంపాదన.

వక్త ఇప్పుడు చేస్తున్న పని ఆ లెక్క కట్టడమే. సరుకు కిరాయిలో డ్రైవరు వాటా ఎంతో తేల్చడానికి ఆయన పాత ట్రిప్పు చీటీలు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు రసీదులు పోగేస్తున్నాడు. కిరాయి ఒప్పందంలో ఆ వాటాను విడిగా రాయించాలంటే ముందు అదెంతో చూపించాలి. ఎవరింట్లోనైనా అలాంటి చీటీలుంటే, నూనె మరకలున్నా సరే, తెచ్చివ్వమని కోరుతున్నాడు. నకలు తీసుకుని అసలు తిరిగి ఇచ్చేస్తాడు.