పన్ను తీయించుకొన్న మూడవనాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



రజతోత్సవ సభలో పంటిబాధను గూర్చి మాట్లాడెదనని వ్రాసినప్పుడు కార్యదర్శిగారు మొదట పరిహాసమనుకొనిరట. కాని యిరువదియైదేండ్ల గ్రంథాలయమునకు తొలినాటి చందాదారులలో పెక్కుమంది నా యీడువారే. ఒక్క పన్నైనను తీయించుకొననివారు చేతులెత్తుడని యడిగినచో పిల్లల చేతులు తప్ప వేరు చేతులు లేవవేమో!

నేను హైదరాబాదు పాతనగరమున దబీర్‌పురాలో కాపురమున్నవాడను. నగరపు కోటగోడకు పూర్వము 13 దర్వాజాలుండెడివని చెప్పుదురు. నేడు నిలిచియున్నవి రెండే. ఒకటి పురానాపూల్ దర్వాజా, రెండవది మా దబీర్‌పురా దర్వాజా. కొన్నేండ్ల క్రిందట ఒక సాయంకాలము ఆ కమాను క్రిందుగా దవడ పట్టుకొని యింటికి నడచితిని. క్రిందివరుసలో చిట్టచివరి పన్ను తీయించుకొని వచ్చుచుంటిని.

తీయునప్పుడు బాధ లేదు. ఇది మన తరమువారి యదృష్టము. మత్తుమందుగా క్లోరోఫారము విరివిగా వాడిన రోజులలో ఆ మందు వలన రోగులు బల్లమీదనే మరణించుట కలదు. ముప్పు గుండెకా, ఊపిరికా యని తేల్చుటకు 1888లోను, 1889లోను మా హైదరాబాదులోనే రెండు కమిషన్లు పనిచేసెను. సర్జను ఎడ్వర్డు లారీ నడుపగా ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయము చేసెను. గుండెకు భయము లేదని వారు తీర్మానించిరి. అది సరికాదని 1911 నాటి పరిశోధనలలో తేలినది. 1943లో లిగ్నోకైను తయారైన పిదప చిగురులో ఒక సూది వేసి, రోగి మేలుకొనియుండగనే పన్ను తీయుట సులభమైనది. కావున మన బాధ కుర్చీలో లేదు, ఇంటికి చేరిన తరువాత నున్నది.

పన్ను వచ్చిన గుంట నిండ నెత్తురు గడ్డకట్టును. ఆ గడ్డయే అసలైన మందు. అది క్రింది యెముకకును నరములకును కప్పువలె నుండి, దానిమీదుగా క్రొత్త కండ పెరుగును. దానిని కాపాడుటకే డాక్టరుగారు దూదిని అరగంట కరచి పట్టుకొనుమందురు. ఆనాడు పుక్కిలింపవద్దు, ఉమ్మివేయవద్దు, పొగ త్రాగవద్దందురు. నేను మూడును చేసితిని. నోట నెత్తురు రుచి తగులగనే ఉమ్మితిని. దర్వాజా దగ్గర సలసల కాగు చాయ త్రాగి, సిగరెట్టు ముట్టించితిని. ఆ రాత్రి సుఖముగనే నిద్రపట్టినది. మరునాడును పెద్దగా బాధ లేదు.

మూడవనాడు మొదలైనది. దవడనుండి చెవికి, చెవినుండి కణతకు ప్రాకిన పోటు! నోట దుర్వాసన. అద్దములో చూడగా గుంటలో నెత్తురుగడ్డ లేదు. తెల్లని యెముక కనిపించినది. గాయము గనుక నొప్పి సహజమని నాకు నేనే చెప్పుకొని మాత్రలు మ్రింగితిని. లవంగనూనె మంచిదని పచ్చినూనెయే పోసికొని బుగ్గ లోపల పొక్కించుకొంటిని. రెండు రాత్రులు గోడకానుకొని కూర్చుంటిని. తిరిగి పోయినచో సిగరెట్టు సంగతి యడుగుదురని సిగ్గు. పొరుగింటి ఖాలాజాన్ నా ముఖము చూచి, “దవాఖానేకూ జావ్ బేటా, శరమ్ కాయ్కు?” అని గద్దించినది.

నయాపూల్ మీదుగా మూసీ దాటి, అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్యశాలకు పోతిని. అక్కడి యువ వైద్యురాలు ఒక్క మాటయు దెప్పలేదు. ఉప్పునీటితో గుంటను కడిగి, లవంగనూనె సారమైన యూజినాలు కలిపిన మందుపట్టీని అందులో నుంచినది. మరల నయాపూల్ దాటునప్పటికే పోటు సగమునకు తగ్గినది. ఆ రెండు రాత్రులు నేను వృథాగా పడిన బాధ.

దీనిని వైద్యులు డ్రై సాకెట్ అందురు, అనగా ఎండిన గుంట. పన్ను తీయించుకొన్నవారిలో నూటికి 2 మొదలు 5 మందికి వచ్చును. క్రింది జ్ఞానదంతము విషయములో ఇంతకంటె చాల ఎక్కువ. పొగత్రాగువారికి మరింత భయము. ఇది చీము పట్టుట కాదు గనుక, మందులషాపులో అడిగి తెచ్చుకొన్న యాంటీబయాటిక్ బిళ్లలతో మానదు. మామూలు గాయపు నొప్పి దినదినము తగ్గును. తగ్గిన నొప్పి మూడవనాడో నాల్గవనాడో మరల పెరిగినచో అది వేరు.

పట్నవాసినైన నాకే తిరిగి పోవుట బరువైనది. మీకు బస్సు ఛార్జీ, ఒకనాటి కూలి రెండును పోవును. కనుకనే మీరు ఓర్చుకొందురని నాకు తెలియును. కాని ఓర్వరానివి కొన్ని కలవు. దూది పెట్టి అరగంట గట్టిగ కరచినను నెత్తురు ఆగకున్నచో, దవడ క్రిందనో మెడమీదనో వాపు దిగినచో, నోరు తెరుచుకొనకున్నను, మ్రింగుట గాని ఊపిరి గాని కష్టమైనను, చలిజ్వరము వచ్చినను, తెల్లవారువరకు ఆగరాదు. దవడ క్రింద గట్టిపడి వ్యాపించు వాపును 1836లోనే లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. అది ఊపిరితోవను మూసి ప్రాణము తీయును. చక్కెరవ్యాధి యున్నవారు మరింత మెలకువగా నుండవలెను. నెత్తురు పలుచనగు మాత్రలు వాడువారు ఆ సంగతి ముందే చెప్పవలెను. తమంత తాము మాత్ర మానుకొనుట ప్రమాదము.

మరుసటి దినమునుండి గోరువెచ్చని ఉప్పునీరు నోటనుంచి, అటునిటు మెల్లగ త్రిప్పి జారవిడువవలెను. ఆస్పిరిను బిళ్లను గుంటలో పెట్టుట మన యూళ్లలో చూచితిని. అది చిగురును కాల్చును. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల బిళ్లలు పెద్దవారికి రోజుకు 8 దాటరాదు. మద్యము త్రాగువారికి, కాలేయము చెడినవారికి ఆ లెక్కయు ఎక్కువే. ఇతర నొప్పి మాత్రలు మూత్రపిండముల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి కీడు చేయును. మ్రింగుటకు ముందు అడుగుడు.

నాకు చిగురు మూసికొనుటకు నెల పట్టినది. సభ ముగిసిన పిదప పఠనమందిరపు వసారాలో కూర్చుండెదను. పదిమందిలో అడుగుటకు సంకోచించువారు అక్కడికి రావచ్చును.