షెఫీల్డు నగరసభ: ఒక దినము, రెండు తీర్పులు
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



పరదేశపు పురపాలక సంఘపు ఎన్నికతో మనకేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. ఇంగ్లండున పార్లమెంటు ఎన్నిక జరిగినచో మన పత్రికలు పుటలకు పుటలు నింపును. ఆ దేశమునందే ఒక నగరము తన వీధులను గూర్చి, చెట్లను గూర్చి, గ్రంథాలయములను గూర్చి ఇచ్చుకొనిన తీర్పు నాలుగు పంక్తులకైనను నోచుకొనదు. ఇది మాకు తలక్రిందులుగా తోచుచున్నది. ప్రజలు తమ్ముతాము పాలించుకొను విద్య నేర్చుకొనునది రాజధానిలో గాదు, వీధి మొగలోనే. కావున ఉత్తర ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున 2021 మే 6వ తేదిన జరిగిన నగరసభ ఎన్నికను, ఆ దినముననే ఆ పౌరులు వేసిన మఱియొక వోటును నేడు మీ ముందుంచుచున్నాము.

షెఫీల్డు ఉక్కు నగరము. కత్తులకును కత్తెరలకును తరతరములుగా పేరు మోసినది. తుప్పు పట్టని ఉక్కును 1913లో హారీ బ్రేర్లీ అక్కడనే సిద్ధపరచెను. మన వంటయిండ్లలోని స్టీలు సామాను కొంతవరకు ఆ ఊరికి ఋణపడియున్నది. 1832 వరకు పార్లమెంటునకు తనదంటూ ఒక్క ప్రతినిధినైనను పంపుకొను హక్కు లేని ఆ పట్టణమునకు 1843లో పురపాలక సంఘమును, 1893లో నగరమను బిరుదమును లభించినవి. దాని చేరువనున్న మిల్‌థోర్ప్ గ్రామముననే ఎడ్వర్డు కార్పెంటరు చిరకాలము నివసించెను. నాగరికతయే ఒక వ్యాధి యని ఆయన వ్రాసిన గ్రంథమును గాంధీమహాత్ముడు 1909లో 'హింద్ స్వరాజ్'నందు స్మరించియుండుట మీలో పెక్కురెరుగుదురు. 1926లో ఇంగ్లండునందలి పెద్ద నగరములలో మొట్టమొదటగా కార్మిక పక్షమునకు నగరసభను అప్పగించినదియు షెఫీల్డే. అది మొదలు నడుమ కొన్ని సంవత్సరములు తప్ప ఆ పక్షమే అక్కడ ఏలినది. మామగారి యింట అల్లుడు కూర్చుండినట్లు నిశ్చింతగా కూర్చుండినది.

ఆ నగరసభలో 84 స్థానములు. వార్డులు 28, వార్డునకు మువ్వురు సభ్యులు. అందరికిని ఒక్కమారే ఎన్నిక జరుగదు. నాలుగేండ్లలో మూడేండ్లు, ఏటేట మూడవ వంతు సభ్యులకు ఎన్నిక జరుగును. ఆధిక్యమునకు 43 స్థానములు కావలెను. వార్డుల హద్దులు మారి అన్ని స్థానములకును ఒక్కసారి ఎన్నిక జరిగిన 2016లో కార్మిక పక్షమునకు 57 స్థానములు వచ్చెను. ఉదార ప్రజాస్వామిక పక్షమునకు 19, హరిత పక్షమునకు 4, యూకిప్ అను పక్షమునకు 4. అయిదేండ్లు గడచునప్పటికి, అనగా 2021 మే ఎన్నికతో, కార్మికులు 41కి దిగిరి. ఉదారులు 29కి, హరితులు 13కి ఎగిరిరి. సంప్రదాయ పక్షమునకు ఒక్క స్థానము దక్కెను. యూకిప్ అంతరించెను. నగరసభ నాయకుడుగా నున్న బాబ్ జాన్సను హిల్స్‌బరో వార్డున తన స్థానమునే హరిత పక్షమునకు కోలుపోయెను. సేనాని కూలిన పిదప కోటలో ఎవరికిని ఆధిక్యము లేకపోయెను.

అదే దినమున హార్టిల్‌పూల్ ఉపయెన్నికలో కార్మిక పక్షము ఓడినది గదా, దేశమంతట వీచిన గాలియే ఇక్కడను వీచినది గాబోలునని చెప్పువారు గలరు. ఈ మాట మాకు పొసగుట లేదు. హార్టిల్‌పూల్‌లో గెలిచినది సంప్రదాయ పక్షము. షెఫీల్డులో వారికి దక్కినది ఒక్క స్థానమే. పోయిన స్థానములలో మిక్కిలి భాగము హరితులకును ఉదారులకును పోయినవి. గాలి ఒకటే యైనచో ఆకులన్నియు ఒక్క ప్రక్కకే ఎగురవలెను గదా. ఆ ఊరి కోపమునకు ఆ ఊరి కారణమే యుండెను. దానిని తెలిసికొనుటకు చెట్ల కథ చెప్పవలసియున్నది.

షెఫీల్డు వీధుల వెంబడి సుమారు 36,000 చెట్లుండెను. రోడ్లు, కాలిబాటలు, వీధి దీపములు, వానితోబాటు ఈ చెట్లు, అన్నిటి బాగోగులను నగరసభ 2012లో ఆమే అను కంపెనీకి 25 సంవత్సరములకు కంట్రాక్టు ఇచ్చెను. దాని విలువ రెండు వందల కోట్ల పౌనులకు మించినది. రోడ్డు పాడయిన చోట, కాలిబాట పైకి లేచిన చోట, చెట్టు వేరు అడ్డమని కొట్టివేసి, ఆ స్థానమున మొక్క నాటుట మొదలిడిరి. నూరేండ్ల చెట్టునకు మారుగా చేతికఱ్ఱ యంత మొక్క! చెట్టును కాపాడుచునే బాటను సరిచేయు ఉపాయములు లేవా యని పౌరులడిగిరి. ఉపాయములు కంట్రాక్టులోనే ఉన్నవనియు, వానిని వాడుట లేదనియు వారి ఆరోపణ. నగరసభ 2015లో ఒక స్వతంత్ర సలహా సంఘమును నియమించెను గాని, అది కాపాడుమని చెప్పిన చెట్లలో పెక్కింటిని కాపాడలేదు. సలహా అడిగి దానిని త్రోసివేయుట అడుగకపోవుటకంటె చెడ్డది. అడుగనివాడు అహంకారి మాత్రమే. అడిగి త్రోసివేసినవాడు ఎదుటివానిని తెలివిమాలినవానిగా నెంచినవాడు.

2016 నవంబరు 17వ తేదిన ఇంకను తెల్లవారకముందే రస్లింగ్స్ రోడ్డులో పోలీసులు తలుపులు తట్టి, వీధిలో నిలిపిన కార్లను తీసివేయుడని నిద్రలో నున్నవారిని లేపిరి. వారి వెనుకనే రంపములు వచ్చెను. ఎనిమిది చెట్లు కూలెను. ఆ వీధి చెట్లను గూర్చి సలహా సంఘమిచ్చిన అభిప్రాయము బయటికి వచ్చినది ఆ తెల్లవారుజాముననే. అడ్డము నిలిచిన మువ్వురిని అరెస్టు చేసిరి. వారిలో ఇద్దరు డెబ్బదేండ్లు దాటిన స్త్రీలు.

ఇచ్చట ఒక విచిత్రము గలదు. ఆ చెట్ల ఉద్యమకారులపై ప్రయోగించినది 1992 నాటి కార్మిక సంఘ శాసనములోని 241వ సెక్షను. సమ్మెనాడు ఫ్యాక్టరీ వాకిట నిలిచి పనివారిని అడ్డగించు కార్మికుల కొరకు చేయబడిన నిబంధన యది. కార్మిక పక్షము ఏలుచున్న నగరమున, ఆ పక్షపు పాలనలో జరుగుచున్న పనికి అడ్డు వచ్చిరని, కార్మికుల కొరకు పేనిన త్రాటితో పౌరులను కట్టిరి. ఆ అభియోగములు 2017 మార్చిలో ఉపసంహరింపబడినవి. ఆ సంవత్సరము ఆగస్టులో నగరసభ ఉన్నత న్యాయస్థానమున నిషేధాజ్ఞ పొందెను. ఆ ఆజ్ఞను ధిక్కరించినదని తన సభ్యురాలినే, హరిత పక్షమునకు చెందిన ఆలిసన్ టీల్‌ను, కోర్టుకీడ్చెను. న్యాయమూర్తి అక్టోబరులో ఆ కేసును కొట్టివేసెను. మొదటి మహాయుద్ధమున మడిసిన బాలుర స్మృతికై వారు చదివిన బడి చెంత వెస్టర్న్ రోడ్డున 1919లో నాటిన చెట్లలో కొన్ని సయితము కొట్టవలసిన జాబితాలోనికెక్కినవి. 2018 మార్చిలో పని నిలిచిపోవునప్పటికి సుమారు 5,500 చెట్లు నేలగూలియుండెను.

కంట్రాక్టులో నేమున్నదో ఆ దినముల వరకు పౌరులకు సరిగ తెలియదు. అందులో 17,500 చెట్లను తీసి మార్పు చేయవలెనను సంఖ్య గలదని బయటపడినది 2018లో. అనగా దాదాపు సగము చెట్లు! పౌరులు ఒక్కొక్క చెట్టు చెంత నిలిచి వాదించుచుండగా, లెక్క ఆరేండ్ల క్రిందనే కాగితముపై కెక్కియున్నది. అది లక్ష్యము కాదు, గరిష్ఠ పరిమితి మాత్రమేయని అధికారులనిరి. లక్ష్యమైనను పరిమితియైనను, పన్ను చెల్లించువానికి చూపవలసిన కాగితమును దాచుట యెందులకో మాకు బోధపడకున్నది.

అప్పుడు షెఫీల్డు పౌరులు వేసిన ప్రశ్న మెచ్చదగినది. చెట్టు కొట్టినవాడెవడు అనుటతో వారు ఊరకుండలేదు. మా వార్డు సభ్యుడు మా పక్షముననే యుండియు ఏమియు చేయలేకపోయెనే, ఏల యని అడిగిరి. జవాబు 2000 సంవత్సరపు శాసనములో నున్నది. 1835 నాటి పురపాలక సంస్కరణము మొదలు ఇంగ్లండు పట్టణములలో పని కమిటీల ద్వారా జరుగుచుండెను. నీటికొక కమిటీ, వీధులకొక కమిటీ, గ్రంథాలయముల కొక కమిటీ. ప్రతి సభ్యుడును ఏదో యొకదానిలో కూర్చుండి చేయెత్తువాడే. లండను మంత్రులకు ఈ పద్ధతి మందకొడిగా తోచెను. 2000లో దానిని దాదాపుగా త్రోసివేసి, ఒక నాయకుడును, అతనితో కలిసి పదుగురికి మించని మంత్రివర్గమును ఏర్పరచుకొనుడని శాసించిరి. ఎనుబదినలుగురిలో పదిమంది నిర్ణయింతురు. తక్కినవారు ప్రశ్నలడిగి యింటికి పోవుదురు. మూడు వార్డులు కలిసి మొరపెట్టినను ఆ పదిమందిలో తమవాడు లేకున్న ఆ మొర గోడకు చెప్పినట్లే.

2011లో వచ్చిన స్థానికపాలన శాసనము కమిటీ పద్ధతికి మరల దారి తెఱచినది. వోటర్లలో నూటికయిదుగురు సంతకము చేసినచో నగరసభ ప్రజాభిప్రాయ సేకరణ జరుపక తప్పదు. "ఇది మన నగరము" అను పేర పౌరులు ఇల్లిల్లు దిరిగి, సంతలలో బల్లలు వేసికొని, 26,000కు పైగా సంతకములు కూర్చి 2019లో సమర్పించిరి. వీరిలో చెట్ల కొరకు పోరాడినవారు కలరు; అంతకంటె ముందే, 2014లో, పదికి పైగా శాఖా గ్రంథాలయములను నగరసభ వదలుకొని స్వచ్ఛంద సేవకుల చేతిలో పెట్టినప్పుడు మనసు విరిగినవారును కలరు. పఠనమందిరమున కూర్చుండి వినుచున్న మీకు ఆ బాధ మేము వివరింప నక్కరలేదు. కరోనా మహమ్మారి వలన 2020 ఎన్నికలు వాయిదా పడగా, ఆ ప్రశ్న 2021 మే 6న నగరసభ ఎన్నికతో కూడ ప్రజల ముందుకు వచ్చెను.

కమిటీ పద్ధతి కావలెనన్నవారు 89,670. నాయకుడు-మంత్రివర్గము ఉండవలెనన్నవారు 48,727. నూటికి 65 మంది మార్పు కోరిరి. వోటు వేసినవారు వోటర్లలో సుమారు మూడవ వంతు మాత్రమేయను ఆక్షేపణ గలదు. అది నిజమే. నగరసభ సభ్యులు గెలిచి వచ్చినదియు ఆ మూడవ వంతు వోట్లతోనే యని ఆక్షేపించువారు మఱవరాదు.

ఈ రెండవ వోటే మమ్మాకర్షించినది. మనుష్యులను మార్చుట ఎన్నికలలో నిత్యము జరుగు పని. కోపము వచ్చిన ప్రజ పాతవానిని దించి క్రొత్తవానిని అదే కుర్చీలో కూర్చుండబెట్టును. నాలుగేండ్లకు వీడును వాడే యగును. షెఫీల్డు ఆ దినమున పాలకులను బలహీనపరచి తృప్తిపడక, కుర్చీని గూడ మార్చినది. మఱుసటి సంవత్సరము మే నెలలో కమిటీ పద్ధతి అమలులోనికి వచ్చెను. కమిటీ స్థానములు పక్షముల బలమును బట్టి పంచబడినవి. బ్రిస్టలు నగర ప్రజలును 2022 మే నెలలో తాము నేరుగా ఎన్నుకొను మేయరు పదవిని వలదని, కమిటీలనే కోరిరి. కమిటీలలో ఆలస్యము కలదు, కలహము కలదు, బాధ్యత ఒకరి తలపై నిలువదు, ఇవన్నియు మేమెరిగినవే. చేసిన తప్పును ఎవరి తలకును చుట్టుటకు వీలులేని పద్ధతియని దానిని గేలిచేయువారి మాటలోను నిజము లేకపోలేదు. అయినను రంపము తెల్లవారకముందు రావలెనన్నచో కమిటీలో అన్ని పక్షములవారి యెదుట ఎవరో ఒకరు ఆ మాట పైకి చెప్పవలసియుండును. పైకి చెప్పుటకు సిగ్గుపడవలసిన పనులు అందుచేతనే కొన్ని ఆగిపోవును.

చెట్ల వ్యవహారముపై సర్ మార్క్ లోకాక్ జరిపిన విచారణ నివేదిక 2023 మార్చిలో వెలువడెను. నగరసభ ప్రజలను, న్యాయస్థానమును గూడ తప్పుదారి పట్టించినదనియు, లోపము నాయకత్వమున దీర్ఘకాలము సాగినదనియు ఆయన తేల్చెను. ఆ సంవత్సరము జూన్ నెలలో నగరసభ సంపూర్ణముగ క్షమాపణ చెప్పెను. ఇట్టి విచారణను తనపై తానే వేయించుకొని, వచ్చిన నివేదికను అచ్చువేసి, తల వంచిన పురసభలు ఏ దేశమునందును అరుదే. ఈ గౌరవమును వారికీయక తప్పదు.

ఇక మిగిలినది కంట్రాక్టు. 2012లో 25 సంవత్సరములకు వ్రాసికొనినది, ఆ లెక్కన 2037 వరకు నడువవలసినది. వోటు ఆయువు నాలుగేండ్లు; ఒప్పందపు ఆయువు పాతికేండ్లు. 2012లో పుట్టిన శిశువు వోటరై, రెండు మూడు ఎన్నికలలో వోటు వేసిన పిమ్మట గాని ఆ కాగితపు గడువు తీరదు. కమిటీలు వచ్చినను, పక్షములు మారినను, ఆ కాగితము తన చోటనే యుండును. మన పట్టణములలో చెత్త యెత్తుటకు, నీరిచ్చుటకు, దీపములు వెలిగించుటకు దీర్ఘకాలపు కంట్రాక్టులు వ్రాయుచున్న ఈ దినములలో దీనిని మీరు చెవినిడవలెనని మా కోరిక.

ఇంకొక చిక్కు. ఇంగ్లండు పురసభలకు రాజ్యాంగపు అండ లేదు. పార్లమెంటు ఇచ్చినది పార్లమెంటే తీసికొనగలదు. మనకు 1993 జూన్ నెలనుండి 74వ సవరణ అమలులో నున్నది, మునిసిపాలిటీలకు రాజ్యాంగమున చోటున్నది. ఉండియు నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2010లో గడువు తీరిన పాలకవర్గములకు 2014 వరకు ఎన్నికలు జరుగక ప్రత్యేకాధికారులే ఏలిరి. కాగితముపై హక్కు ఉన్నవారి గతి యది. లేనివారి మాట యేమన, 2025 జూలైలో పార్లమెంటున ప్రవేశపెట్టిన ఇంగ్లండు అధికార వికేంద్రీకరణ బిల్లులో నగరసభలన్నియు కమిటీ పద్ధతిని విడిచి మరల నాయకుడు-మంత్రివర్గమునకు పోవలెనను నిబంధన చేర్చబడినది. అధికారమును క్రిందికి పంచుటకని పేరు పెట్టిన బిల్లులోనే ఈ నిబంధన! అప్పటికి షెఫీల్డులో ఆ 89,670 మంది వోటు వేసి నాలుగేండ్లయినది.