పాలకూర రసంతో గడ్డ కరుగునా?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పేవాళ్లము. తెలుగులో తప్పులు దొర్లితే మన్నించగలరు. మొన్న ఒక విద్యార్థి తల్లి బడి గేటు దగ్గర ఆగి మెల్లగా అడిగింది: "సార్, మా ఆపాకు ఛాతీల గడ్డ ఉన్నది. పాలకూర రసం తాగితే కరుగుతదని ఫోన్ల వచ్చింది. నిజమేనా?" మూడు నెలలుగా ఆ ఆపా దవాఖానకు పోలేదట, రసమే తాగుతున్నదట.

ఆకులో మందు లేదని మేము అనము. బిళ్లగన్నేరు, అదే మన సదాబహార్, దాని నుండి తీసిన విన్‌క్రిస్టిన్‌ను 1960ల నుండి రక్త క్యాన్సరుకు వాడుతున్నారు. అయితే అది కూరాకు కాదు, విషము. నూరి తాగరాదు.

ఇక పాలకూర. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక విటమినును వేరు చేశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు గనుక ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దానిని 1945లో ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. కొత్త కణము పుట్టాలంటే ఈ విటమిను కావాలి. గర్భిణులకు మాత్రలిచ్చేది అందుకే.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరు పిల్లలకు ఈ జాతి పదార్థము ఇచ్చి చూశారు. రోగము తగ్గలేదు సరిగదా, జోరు పెరిగినట్టు కనబడింది! క్యాన్సరు కణము కూడా కణమే గదా, దానికీ అదే మేత. అప్పుడు ఆయన ఆలోచన తిరగబడింది. సుబ్బారావు గారి బృందము అచ్చము ఫోలిక్ ఆమ్లము వలె కనబడి కణాన్ని మోసగించే అమినోప్టెరిన్ చేసి ఇచ్చింది. తాళములో ఇరుక్కుని తిరగని దొంగ చెవి వంటిదని మేము పిల్లలకు చెప్తాము. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలము రోగము వెనుకకు తగ్గింది. 1948 జూన్‌లో ఆ సంగతి అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. అదే జాతి మందు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

అంటే పాలకూర గొప్పదే, కానీ గడ్డను కరిగించినది పాలకూర కాదు, దాని నకలు. క్యాబేజీ, ఆవాకులలోని ఘాటు పదార్థాలు క్యాన్సరు కణాలను చంపుతాయంటారు. నిజమే, గాజు పళ్లెములో. అక్కడ ఉప్పు ఎక్కువైనా కణము చస్తుంది. తిన్న ఆకు అరిగి, కాలేయము దాటి గడ్డ దాకా చేరేది ఎంత?

ఆకుకూర మానమని కాదు. మనము అంబాడా అంటాము, పక్కింటివారు పుంటికూర అంటారు. అంబాడా గోష్త్‌లో గోష్త్ తగ్గించి అంబాడా పెంచమని మా ఇంట్లో చెప్పి చూశాము, ఎవరూ ఒప్పుకోలేదు. దావత్ అయినాక నమిలే జర్దా పాన్ మాత్రము ఆకుకూర లెక్కలోకి రాదు. జర్దా లేకున్నా వక్క ఒక్కటే క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పరిశోధకులు 2004లోనే తేల్చారు.

ఆ ఆపా సంగతి. గడ్డలన్నీ క్యాన్సరు కావు, చాలావరకు కావు కూడా. పరీక్ష చేస్తేగాని తెలియదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేర సర్కారు క్యాన్సరు దవాఖాన ఉన్నది. ఆమె పోనిది డబ్బు లేక కాదు, తోడు లేక, సిగ్గు పడి. పేరు ఈ సభలో చెప్పము. సోమవారము పొద్దున ఆలేరు స్టేషన్‌లో రైలెక్కి ఆమెతో పోగల తల్లులు ఒకరిద్దరు ఉంటే, సభ ముగియగానే మా ఇంటివారిని కలవగలరు. ఆమె అక్కడ నీళ్ల కుండల దగ్గర నిలబడి ఉంటుంది.