విందుశాలలో ఇప్పుడెవరున్నారు?

వాక్యభాగము: మార్కు సువార్త 6:14-29



యొర్దాను దేశానికి వెళ్లే మనవారు నెబో కొండ ఎక్కుతారు, పెట్రా చూసి వస్తారు. ఈ వేళ అంతగా పేరు వినని మరో చోటికి మీరు నాతో రండి. మృత సముద్రానికి తూర్పున ముకావిర్ అనే పల్లె ఉంది. పల్లె దాటితే ఒంటరిగా నిలిచిన కొండ ఒకటి కనబడుతుంది. అదే మకేరస్. ఎండలో ఆ దారి ఎక్కి పైకి చేరితే మృత సముద్రం సుమారు 1,100 మీటర్ల దిగువన మెరుస్తూ ఉంటుంది.

ఇక్కడి పాత కోటను రోమీయులు క్రీ.పూ. 57 ప్రాంతంలో కూలగొట్టారు. మహా హేరోదు దానిని మళ్లీ కట్టి, లోపల రాజభవనం నిర్మించాడు. అతని తరువాత అది కుమారుడైన హేరోదు అంతిపకు వచ్చింది. బాప్తిస్మమిచ్చు యోహాను ఏ చెరసాలలో ఉన్నాడో సువార్తలు చెప్పవు. మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడు జోసీఫస్ మాత్రం, ఆయనను చంపింది మకేరస్‌లోనే అని వ్రాశాడు.

ప్రియులారా, హేరోదును గూర్చి మార్కు వ్రాసినది జాగ్రత్తగా చదవండి. యోహాను నీతిమంతుడని అతనికి తెలుసు. ఆయన మాటలు ఇష్టంగా వినేవాడు కూడా. అయినా పుట్టినరోజు విందులో, అధిపతుల ముందు, ఒక చిన్నదానికి తొందరపడి ఒట్టు పెట్టాడు. ఆమె యోహాను తల అడిగింది. రాజు దుఃఖపడ్డాడు. "నేను తొందరపడ్డాను, ఇది నేను చేయను" అంటే సరిపోయేది. పోతే ఆ పూట పరువు పోయేది. కూర్చున్న నలుగురి కోసం నీతిమంతుని ప్రాణం తీయించాడు.

మనం హేరోదును తిట్టడం సులువు. ఆదివారం వాక్యం ఇష్టంగా విన్న తండ్రే సోమవారం కట్నం మాటలకు కూర్చుంటాడు. తప్పని మనస్సాక్షి చెబుతుంది. "పెద్దల మధ్య మాట అయిపోయింది, ఇప్పుడు వెనక్కి తగ్గితే నలుగురూ ఏమంటారు?" అంటాడు. అవతల ఆడపిల్ల తండ్రి పొలం అమ్ముకుంటాడు. సహోదరుడా, పాపము చేస్తానని ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడం నీతి అనిపించుకోదు. దానిని ఒప్పుకొని విడిచిపెట్టడమే మారుమనస్సు.

హేరోదు ఏమి కాపాడుకున్నాడు? రాజు అనే బిరుదు కోరి రోమాకు వెళ్లి, క్రీ.శ. 39లో ఉన్న అధికారం కూడా పోగొట్టుకొని పరదేశానికి వెళ్లగొట్టబడ్డాడు. క్రీ.శ. 72 ప్రాంతంలో రోమా సైన్యం మకేరస్‌ను పట్టుకుంది. ఈనాడు అక్కడ కూలిన గోడలు, పురావస్తు శాస్త్రజ్ఞులు 2014లో తిరిగి నిలబెట్టిన రెండు స్తంభాలు ఉన్నాయి. ఏ అతిథులకు భయపడ్డాడో వారిలో ఒక్కరి పేరైనా మనకు తెలియదు. చెరసాలలో ఉన్నవాని పేరు మాత్రం లోకమంతటా పిల్లలకు పెడుతున్నారు.

ఈ వారం మీరు ఎవరి ముందు ఏ మాట వెనక్కి తీసుకోవాలి? ఈ రాత్రే ప్రభువు సన్నిధిలో మోకరించండి. ఉదయాన్నే లేచి, ఆ ఇంటికి వెళ్లండి. వెళ్లే ధైర్యం దేవుడే మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.