ఉద్దెర మీద నడిచే బడి

ముందు వరుసలో కూర్చున్న మధ్యాహ్న భోజనం వంటమ్మలారా, ఉపాధ్యాయుల సభకు మిమ్మల్ని పిలవాల్సిందేనని నేనే పట్టుబట్టాను. ఎందుకో చెబుతాను.

ముప్పై నాలుగేళ్లు సర్కారు బళ్లలో పనిచేశాను. ఇన్నేళ్లలో "మీ బడికి డబ్బు తగ్గించాం" అనే ఉత్తర్వు ఒక్కటి కూడా నా బల్ల మీదికి రాలేదు. బిల్లు ట్రెజరీలో ఉందన్నారు. పోస్టు ఖాళీగా ఉందన్నారు. గ్రాంటు రెండో విడతలో వస్తుందన్నారు. కోత ఎప్పుడూ ఇలాగే వచ్చింది. తెలంగాణ 2025-26 బడ్జెట్ చూడండి. మొత్తం 3,04,965 కోట్లలో విద్యకు 23,108 కోట్లు. అంతకు ముందు ఏడాది 21,292 కోట్లు. పెరిగిన మాట నిజమే. మొత్తంలో అది ఏడున్నర శాతమే అన్నదీ నిజమే. అందులో ఎక్కువ భాగం జీతాలకు పోతుంది, పోవాలి కూడా. చాక్‌పీసు, కరెంటు బిల్లు, ఊడ్చే మనిషి, పప్పు, నూనె, ఇవన్నీ మిగిలిన కొద్దిపాటి సొమ్ము మీద బతకాలి. కేటాయింపు సంగతి అసెంబ్లీలో వింటాం. విడుదలైందో లేదో ఊరి కిరాణా కొట్టులో తెలుస్తుంది.

ఆ కొట్టు దాకా పోదాం రండి. ప్రైమరీ పిల్లవాడికి పూటకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టాలి. బియ్యం కాక వీటికీ, పొయ్యికీ, ఉప్పూకారాలకూ కలిపి 2025 మేలో కేంద్రం పెంచిన రేటు 6 రూపాయల 78 పైసలు. 64 మంది పిల్లలున్న బడికి రోజుకు సుమారు 434 రూపాయలు. ఏ రోజుది ఆ రోజు చేతిలో పడితే ఎలాగో నెట్టుకురావచ్చు. 22 పనిదినాలకు తొమ్మిదిన్నర వేలు. నాలుగు నెలలు బిల్లు ఆగిందంటే 38 వేలు. అన్నాళ్లూ సరుకులు తెచ్చేది ఎవరు? నెలకు 3,000 గౌరవ వేతనం మీద పనిచేసే వంటమ్మ. కేంద్రం ఖరారు చేసిన మొత్తమైతే 2009 నుంచి ఇప్పటికీ వెయ్యి రూపాయలే, అదీ ఏడాదికి పది నెలలకే. మూడు వేల మనిషి సర్కారుకు 38 వేలు అప్పిస్తోంది. సర్కారు ఆమెకు మిత్తి కట్టదు. ఆమె మాత్రం మిత్తికే తెస్తుంది.

మా బడి వంటమ్మ దగ్గర ఒక పొడుగాటి ఉద్దెర పుస్తకం ఉండేది. అంచులకు నూనె మరకలు, మధ్యలో దారంతో కట్టిన పెన్సిల్ ముక్క. ఆమెకు చదువు రాదు. మా దగ్గరే ఐదో తరగతి చదువుతున్న బిడ్డ లెక్క రాసి పెట్టేది. కూడికలు మేం నేర్పినవే. తల్లి అప్పు మీదే ఆ పిల్లకు అవి బాగా పట్టుబడ్డాయి. ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ కడుపులో దేవినట్టవుతుంది. ఒక పొద్దున వంటమ్మ మెడలో పసుపుతాడు మాత్రమే కనిపించింది. పుస్తెలతాడు కుదువ పెట్టింది. "ఏం జెయ్యాలె సారూ, నేను పొయ్యి ముట్టియ్యకపోతే పోరగాళ్లు పస్తుండరా" అంది. ఆ రోజు కూడా పప్పులో నీళ్లు ఎక్కువ పోయలేదు.

ఆ నెల నా జీతంలోంచి కొట్టుకు ఐదు వేలు కట్టాను. అలా కట్టిన హెడ్‌మాస్టర్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. దయచేసి దాన్ని దానమని పొగడకండి. మనం కట్టిన ప్రతిసారీ లోటు మన ఇంట్లోకి వచ్చి దాక్కుంటుంది, పైవాళ్ల లెక్కలో కనబడకుండా పోతుంది.

2020 మార్చిలో కరోనాకు బళ్లు మూతబడ్డాయి. మళ్లీ తెరిచాక తెలంగాణలో విద్యా వాలంటీర్లను పిలవలేదు. మా బడిలో వాలంటీర్‌గా పనిచేసిన అమ్మాయి డీఎడ్ చదివింది, చింతగింజలతో భిన్నాలు చెప్పేది. నెలనెలా వచ్చే 12,000 రూపాయలు ఆగాక పత్తి ఏరబోయింది, తర్వాత కుట్టుమిషన్ పెట్టుకుంది. ఆమె సంపాదనతో ఐటీఐ చదువుతున్న తమ్ముడు మధ్యలో మానేసి హైదరాబాద్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. బడి ఊడ్చే మనిషిని కూడా ఆ రోజుల్లోనే మాన్పించి, పని పంచాయతీకి అప్పగించారు. 2024లో పారిశుద్ధ్యానికి గ్రాంటు మొదలుపెట్టారు, సంతోషం. మధ్యలో నాలుగేళ్లు మరుగుదొడ్లు ఎలా ఉన్నాయో ఆడపిల్లల తల్లులు చెబుతారు.

వాలంటీర్ పోయాక ఐదు తరగతులకు ఇద్దరం మిగిలాం. ఒకరు మీటింగుకు పోతే ఇక ఒక్కరే. తల్లిదండ్రులు అంతా చూస్తూనే ఉంటారు. జూన్‌లో ఒక తండ్రి వచ్చి, తల వంచుకుని కొడుకు టీసీ అడిగాడు. బిడ్డను మాత్రం మా దగ్గరే ఉంచాడు. ఇద్దరికీ ఫీజు కట్టే స్తోమత లేదు. మర్నాటి నుంచి అన్న పసుపు వ్యాన్ ఎక్కుతుంటే, చెల్లెలు గేటు పట్టుకుని ఆ వ్యాన్ మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చేది. వాళ్ల నాయన ఫీజుకు గొర్రెలు అమ్మాడు. అలా ఒక్కొక్కరే పోయి పిల్లల సంఖ్య తగ్గింది. తగ్గిందని రేషనలైజేషన్‌లో ఇంకో పోస్టు తీసేశారు. పోస్టు పోయిందని ఇంకొందరు టీసీలు తీసుకున్నారు. పిల్లలు రాకపోవడమే కారణమని కాగితం మీద రాసుకున్నారు. నా కళ్ల ముందు జరిగింది మాత్రం తలకిందులు: ముందు పాఠం చెప్పే మనిషి పోయింది, తర్వాతే పిల్లలు పోయారు.

వంటమ్మలను ఎందుకు పిలిచానో ఇప్పుడు చెబుతాను. మనం సంఘంగా పీఆర్సీ కోసం, డీఏ కోసం రోడ్డెక్కాం. న్యాయమే. వాళ్ల బిల్లుల కోసం మాత్రం ఒక్కనాడూ గట్టిగా నిలబడలేదు. నేనూ నిలబడలేదు. ఆ తప్పు మోస్తూనే రిటైరయ్యాను.

అమ్మలారా, వచ్చే నెల రెండో శనివారం మళ్లీ ఇక్కడే కలుద్దాం. మీ ఉద్దెర పుస్తకాలు తెండి. జిరాక్సులు మేం తీయిస్తాం. ఏ బడికి ఎన్ని నెలల బిల్లు రావాలో, ఎంత అప్పుందో ఒక్క కాగితం మీద రాద్దాం. దాని కింద మీ వేలిముద్రల పక్కనే మా సంతకాలు ఉంటాయి. మొదటి సంతకం నాది.